సొరుగులో పడే లోగో, చేతిలో ఉండే లోగో

ఇది రాయడానికి కూర్చునే ముందు నా టేబుల్ సొరుగు ఒకసారి బోర్లించి చూశాను. కంపెనీల పేర్లున్న పెన్నులు పదకొండు బయటపడ్డాయి. వాటిలో ఐదు రాయవు. ఒకదాని మీద పేరు చెరిగిపోయి మొదటి రెండు అక్షరాలే మిగిలాయి. రెండు కీచైన్లున్నాయి, వాటికి తాళాలు లేవు. ఏదో సెమినార్‌లో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌కైతే ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. టేబుల్ మీద మాత్రం ఒక చిన్న స్టీలు స్కేలు ఉంది. ఆరేళ్ల కిందట ఒక ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు ఇచ్చారు. ఒక చివర చిన్న అక్షరాల్లో వాళ్ల పేరు, ఫోన్ నంబరు చెక్కి ఉంటాయి. గీత గీయడానికీ, కాయితం చింపడానికీ, పార్సిల్ టేపు కోయడానికీ రోజూ అది నా చేతికి వస్తుంది. విజిటింగ్ కార్డులు ఎక్కడ బాగా వేస్తారని ఎవరైనా అడిగితే నేను ఫోన్‌లో వెతకను, స్కేలు తిప్పి నంబరు చదివేస్తాను.

పెన్నులిచ్చినవాళ్లూ డబ్బు పెట్టారు, స్కేలు ఇచ్చినవాళ్లూ పెట్టారు. పెన్నుల వాళ్లు తమ పేరు దేని మీద అచ్చేయాలా అని చూసుకున్నారు. స్కేలు వాళ్లు నేను రోజంతా ఏం చేస్తుంటానో చూశారు. లోగో వేసిన వస్తువులు పంచి వ్యాపారానికి ప్రచారం చేసుకోవడంలో ఉన్న చిక్కుముడులన్నీ ఈ ఒక్క తేడా దగ్గరికే వచ్చి ఆగుతాయని నాకనిపిస్తుంది.

అలాగని పెన్నుల వాళ్లను తిట్టలేం. ఈ ఆర్డర్లు ఎక్కువగా "ఏదో ఒకటి పంచాలి, తొందరగా తెప్పించండి" అనే మాటతోనే మొదలవుతాయి. ఎగ్జిబిషన్ ఇంకో పది రోజులుందనగా ఎవరికో గుర్తొస్తుంది. కేటలాగ్ తెప్పిస్తారు, బడ్జెట్‌ను మనుషుల సంఖ్యతో భాగిస్తారు, వచ్చిన అంకెలో ఏ వస్తువు పడితే దానికి ఓకే చెప్తారు. పుచ్చుకునే మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనబడడు.

బడిపిల్లల సంచీతో మొదలు

పేరు అచ్చేసిన వస్తువులు పంచడం కొత్త విద్యేమీ కాదు. 1789లో జార్జ్ వాషింగ్టన్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడే ఆయన పేరు పొడి అక్షరాలున్న లోహపు బొత్తాలు జనం కోట్ల మీదికి ఎక్కాయి. దీన్నొక వ్యాపారంగా మలిచిన ఘనత మాత్రం 1880లలో ఒహాయో రాష్ట్రంలోని కోషాక్టన్ అనే చిన్న ఊళ్లో పేపరు నడిపిన జాస్పర్ మీక్‌కు ఇస్తుంటారు. ఈ రంగంలోని వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. వీధిలో ఒక బడిపిల్ల చేతిలోని పుస్తకాలు జారి కింద పడటం మీక్ చూశాడట. పేపరు పని లేని వేళల్లో ప్రెస్సు ఎలాగూ ఖాళీగా ఉంటోంది. తెలిసిన చెప్పుల షాపు యజమానిని ఒప్పించి, "క్యాంట్‌వెల్ షూస్ కొనండి" అని అచ్చేసిన గోనెగుడ్డ సంచులు పిల్లలకు ఉచితంగా ఇప్పించాడు. కొన్నాళ్లకే అదే ఊళ్లో హెన్రీ బీచ్ అనే ఇంకో ప్రెస్సు యజమాని పోటీకి దిగాడు. సంచుల తర్వాత గుర్రాల మీద కప్పే గుడ్డలు, టోపీలు, ఏప్రన్లు, ఒకటేమిటి, సిరా అంటుకునే ప్రతిదాని మీదా ప్రకటన ఎక్కింది. 1904లో ఇలాంటి తయారీదారులు పన్నెండు మంది కలిసి అమెరికాలో ఒక సంఘమే పెట్టుకున్నారు.

కథలో కొంత మసాలా ఉంటే ఉండొచ్చు. కానీ ఆ సంచీని చూడండి. పిల్లకు అది నిజంగా కావాలి. రోజూ రెండుసార్లు ఊరి మధ్య నుంచి నడుస్తుంది. చెప్పులు కొనిచ్చే తల్లిదండ్రుల ఇంట్లోనే సాయంత్రం వేలాడుతుంది. క్యాంట్‌వెల్ అదే డబ్బుతో గోడ మీద బోర్డు రాయిస్తే ఇంతమంది గుమ్మం దాటి లోపలికి వెళ్లగలిగేవాడా?

దీనికి ఇంకో కొస ఫ్రాన్స్‌లో దొరుకుతుంది. టైర్ల కంపెనీ నడిపే మిషెలిన్ అన్నదమ్ములు 1900లో వాహనదారుల కోసం ఒక చిన్న పుస్తకం వేశారు. అప్పటికి ఆ దేశంలో కార్లు మూడు వేలు కూడా లేవు, వీళ్లు అచ్చేసింది దాదాపు 35,000 కాపీలు. టైరు ఎలా మార్చాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రాత్రికి ఎక్కడ దిగాలి, ఇవన్నీ అందులో రాసి ఉచితంగా ఇచ్చారు. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి కదా. ఇరవై ఏళ్ల తర్వాత, 1920లో, ఉచితంగా ఇవ్వడం ఆపేసి ధర పెట్టారు. ఒక టైర్ల షాపులో పని బల్ల ఊగకుండా దాని కింద తమ పుస్తకాలనే ఎత్తుగా పెట్టడం ఆంద్రే మిషెలిన్ కళ్లబడిందనీ, మనిషి డబ్బు పెట్టి కొన్నదాన్నే గౌరవిస్తాడని అప్పుడే అనుకున్నాడనీ కంపెనీ చెప్పుకుంటుంది. అంత ఉపయోగమైన పుస్తకానికే బల్ల కింద చోటు దొరికిందంటే, రాయని పెన్ను సంగతి చెప్పక్కర్లేదు.

మూడు పనులు, ఒకటే పేరు

"ప్రమోషనల్ గిఫ్టు" అని ఒకే మాటతో పిలుస్తున్నాం గానీ అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. వీటిని కలిపేసినప్పుడే డబ్బు వృథా అవుతుంది.

మొదటిది గుర్తుచేయడం. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో ఒక ప్రసిద్ధమైన పత్రం ప్రచురించాడు. అర్థం లేని పదాలు, చూసేవాళ్లకు తెలియని లిపిలోని అక్షరాలు, ముక్కూమొహం తెలియని వాళ్ల ఫొటోలు, ఏవైనా సరే, ఎక్కువసార్లు చూపిస్తే జనానికి వాటి మీద ఇష్టం కాస్త పెరుగుతోందని తేల్చాడు. పరిచయమే సగం ఇష్టమన్నమాట. క్యాలెండర్లు, ఫ్రిజ్ మ్యాగ్నెట్లు, మౌస్ ప్యాడ్లు బతుకుతున్నది దీని మీదే. కాకపోతే ఒక మెలిక ఉంది. ఆ ప్రయోగాల్లో చూపించినవాటి మీద జనానికి ముందునుంచీ మంచీ చెడూ ఏమీ లేవు. జేబులో సిరా కక్కిన పెన్ను మీది పేరు అలాంటిది కాదు. దాన్ని ఎన్నిసార్లు చూస్తే అన్నిసార్లు పాడైన చొక్కాయే గుర్తొస్తుంది.

రెండోది రుణం. 1971లో డెనిస్ రీగన్ చేసిన ప్రయోగంలో ఇద్దరు ఒక గదిలో కూర్చుని పని చేస్తుంటారు. అందులో ఒకడు రహస్యంగా పరిశోధకుడి మనిషే. వాడు మధ్యలో బయటికి వెళ్లి, అడక్కుండానే పక్కవాడికి కూడా ఒక కోక్ తెచ్చిస్తాడు. కాసేపయ్యాక "లాటరీ టికెట్లు అమ్ముతున్నాను, కొంటావా" అని అడుగుతాడు. కోక్ తాగినవాళ్లు తాగనివాళ్ల కంటే సుమారు రెట్టింపు టికెట్లు కొన్నారు. ఊరికే తీసుకున్నది మనసులో ఊరికే ఉండదు. పాత కస్టమర్లకు ఇచ్చే కానుకలూ, పెద్ద ఆర్డరు ముగిశాక పంపే బాక్సులూ ఈ కోవలోకి వస్తాయి.

మూడోది "మనవాళ్లం" అనే భావం. ఇక్కడ ఒక సరదా విషయం చెప్పాలి. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగాల్లో వాడిన వస్తువు కార్నెల్ యూనివర్సిటీ పేరున్న కాఫీ మగ్గు. విద్యార్థుల్లో సగం మందికి మగ్గులిచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. మిగతా సగాన్ని ఎంతకు కొంటారని అడిగారు. మగ్గు చేతిలో ఉన్నవాళ్లు చెప్పిన ధర లేనివాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు. అది వాళ్ల చేతికొచ్చి ఎన్నో నిమిషాలు కూడా కాలేదు. నాది అనుకోగానే విలువ పెరిగిపోతుంది. ఆ వస్తువు మీద మనం చదివిన బడి పేరో, పని చేసిన టీమ్ పేరో ఉంటే ఆ మమకారం ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఉద్యోగులకిచ్చే జాకెట్లు, డబ్బు పెట్టి మరీ జనం కొనుక్కునే కంపెనీ టోపీలు ఇక్కడివే.

ఇప్పుడు లోగో సైజు సంగతి చూద్దాం. గుర్తుచేసే వస్తువు మీద పేరు, ఏం చేస్తారన్న మాట, నంబరు స్పష్టంగా కనబడాలి. సిగ్గుపడాల్సిన పని లేదు. కృతజ్ఞతగా ఇచ్చేదాని మీద మీ లోగో ఎంత పెద్దదైతే మీ కృతజ్ఞత అంత చిన్నదైపోతుంది. అక్కడ చెక్కాల్సింది పుచ్చుకునేవాళ్ల పేరు. మీది అడుగునో, పెట్టె మూత లోపలో ఉంటే చాలు. ఇక టీషర్టు దగ్గర అసలు ప్రశ్నే వేరు. వేసుకున్న మనిషి అద్దంలో చూసుకుని బాగున్నాననుకోవాలి. వీపంతా ఫోన్ నంబర్లతో నింపిన చొక్కా మొదటి ఉతుకు తర్వాత బండి తుడిచే గుడ్డల్లో చేరుతుంది. నేనైతే ఏ ఆర్డరైనా మూడింట్లో ఏ పనికో ఒక కాయితం మీద రాసుకోకుండా కేటలాగ్ తెరవను. రెండు పనులు ఒకే వస్తువుతో అయిపోవాలనుకున్న ప్రతిసారీ రెండూ చెడ్డాయి.

అవసరం పుట్టే చోటు

గుర్తుచేసే వస్తువును ఎంచుకునేటప్పుడు ఒకే ఒక్క ప్రశ్న: మీతో పని పడే క్షణంలో ఆ మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడు? పైపు పగిలి వంటిల్లంతా నీళ్లయినప్పుడు ప్లంబర్ పెన్ను కోసం ఎవరూ వెతకరు. ఫ్రిజ్ మీదో, మీటర్ పెట్టె తలుపు మీదో అంటుకుని ఉన్న స్టిక్కరు కనబడుతుంది. కళ్లజోళ్ల షాపు వాళ్లు అద్దాలు తుడుచుకునే గుడ్డ ఇస్తారు. చూపు మసకేసిన ప్రతిసారీ అదే చేతికొస్తుంది, నంబరు పెరిగిందేమో చూపించుకోవాలన్న ఆలోచన పుట్టేదీ అప్పుడే. బండి ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లకు ఆర్‌సీ, పాలసీ కాగితాలు పెట్టుకునే ఫోల్డర్ కంటే మంచి వస్తువు నాకు తోచలేదు. ప్రమాదం జరిగినా, గడువు దగ్గరపడినా తెరిచేది దాన్నే.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. ఒక పెన్ను ఖరీదు 1 అనుకుందాం, మంచి వాటర్ బాటిల్ ఖరీదు 15. పెన్ను 20 సార్లు వాడి పారేస్తే ఒక్కో వాడకానికి 0.05 పడుతుంది. బాటిల్ రెండేళ్లపాటు వారానికి ఐదు రోజులు వాడితే సుమారు 500 సార్లు, అంటే ఒక్కో వాడకానికి 0.03. ఖరీదైనదే చవక. ఈ లెక్క చూపించే చాలామంది బాటిళ్లు అమ్ముతారు.

లెక్క తప్పు కాదు, సగమే. బాటిల్‌ను 500 సార్లు చూసేది ముఖ్యంగా ఒకే మనిషి. ముప్పయ్యోసారి చూశాక ముప్పై ఒకటోసారికి పెద్దగా కలిసొచ్చేదేమీ ఉండదు, కంటికి అదొక గీతలా అలవాటైపోతుంది. పెన్ను గుణం వేరు. దాన్ని అడిగి తీసుకుంటారు, తిరిగివ్వరు. సంతకానికని ఇచ్చిన పెన్ను నాలుగు జేబులు తిరిగి ఎక్కడో తేలుతుంది. కొత్త మనుషులకు పేరు తెలియాలంటే ఈ దొంగబుద్ధి ఉన్న వస్తువే కావాలి. ఇప్పటికే తెలిసిన మనిషి మరిచిపోకుండా ఉండాలంటే బాటిల్ కావాలి. కేటలాగుల్లో "ఇన్ని వేల కళ్లు చూస్తాయి" అని రాసే అంకెల్ని నేను పెద్దగా పట్టించుకోను. పక్కన నడిచివెళ్లిన ప్రతివాణ్నీ చూసినట్టే లెక్కేస్తారు మరి.

అచ్చు దగ్గర జరిగే ప్రమాదాలు

ఒకసారి మూడు వందల బాటిళ్లు ఆర్డరిచ్చాను. లోగో పంపమంటే ఫోన్‌లో ఉన్న జేపెగ్ బొమ్మను వాట్సాప్‌లో పంపేశాను. సప్లయర్ ప్రూఫ్ (అచ్చుకు ముందు చూపించే నమూనా) పంపాడు. బయట ఎండలో నిలబడి, చిన్న స్క్రీన్ మీద చూసి, ఓకే అని కొట్టాను. కార్టన్లు విప్పితే నల్లటి బాటిల్ మీద తెల్లటి డబ్బా, ఆ డబ్బాలో అంచులు చిట్లిన మా లోగో. జేపెగ్‌కు వెనక తెల్ల రంగు ఉంటుందనీ, ఆ బొమ్మను పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుందనీ నాకప్పుడు తెలీదు. తప్పు సప్లయర్‌దని గొడవపడదామంటే ఓకే కొట్టిన మెసేజ్ నాదే.

అందుకే ప్రింటింగ్ వాళ్లు వెక్టర్ ఫైల్ అడుగుతారు. ఏఐ (ఇల్లస్ట్రేటర్ ఫైల్), ఈపీఎస్, ఎస్‌వీజీ, లేదా డిజైనర్ సేవ్ చేసిచ్చిన పీడీఎఫ్. ఇందులో బొమ్మ చుక్కలతో కాకుండా గీతల లెక్కతో ఉంటుంది కాబట్టి పెన్ను మీదికి దింపినా బ్యానర్ మీదికి పెంచినా అంచులు చెదరవు. పేరు తెలుగులో ఉంటే ఇంకో జాగ్రత్త. అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చకుండా ఫైల్ పంపితే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఒత్తులు పక్కకు జరిగి, గుణింతాలు విడిపోయి, "స్వర్ణ" కాస్తా ఇంకేదో అవుతుంది. అచ్చువేసే మనిషికి తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు. రంగు విషయంలో "మా బ్లూ" అంటే కుదరదు. స్క్రీన్ మీది రంగు వెలుతురుతో తయారవుతుంది, అచ్చులోది సిరాతో. రెండూ ఎప్పుడూ ఒకటి కావు, అందుకే ప్యాంటోన్ అనే రంగుల పట్టికలోని నంబరు చెప్పాలి.

ఏ పద్ధతిలో అచ్చేస్తారన్నది కూడా అడగండి, ఎందుకంటే లోగో ఆయుష్షు దాని మీదే ఉంటుంది. పెన్నులాంటి గుండ్రటి వస్తువులకు ఎక్కువగా ప్యాడ్ ప్రింటింగ్ చేస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది. లోగో గుంటలుగా చెక్కిన పలకలో సిరా నింపి, పైన ఉన్నది గీకేస్తారు. మెత్తటి సిలికాన్ బుడిపె ఒకటి వచ్చి ఆ గుంటల మీద ఒత్తుకుని, సిరాను తన ఒంటికి అంటించుకుని, పెన్ను వంపు మీద వాలి లేస్తుంది. ఒక్క క్షణంలో పేరు పడిపోతుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కట్టాలి. నాలుగు రంగుల లోగో అంటే నాలుగు సెటప్ చార్జీలు. యాభై చొక్కాలైనా ఐదు వందలైనా స్క్రీన్ ఖర్చు అంతే, అందుకే తక్కువ సంఖ్యకు రేటు ఎక్కువ పడుతుంది. మీ లోగోకు ఒంటి రంగు రూపం ఒకటి సిద్ధం చేసుకుంటే జీవితాంతం డబ్బు మిగులుతుంది. సబ్లిమేషన్‌లో సిరా వేడికి ఆవిరై పాలిస్టర్‌లోకి దిగిపోతుంది కాబట్టి పైన ఏమీ తగలదు, ఊడదు. కాటన్ మీద మాత్రం అది పట్టదు. ముదురు రంగు గుడ్డ మీద కనబడదు. ఎంబ్రాయిడరీ హుందాగా ఉంటుంది గానీ చిన్న అక్షరాలు దారం ముద్దలైపోతాయి. లోహం మీద లేజర్‌తో చెక్కినదైతే చెరగడానికి సిరాయే లేదు. నా స్కేలు మీద నంబరు ఆరేళ్లుగా నిలిచింది అందుకే.

శాంపిల్ తెప్పించకుండా బల్క్ ఆర్డర్ ఇవ్వకండి. శాంపిల్ వచ్చాక దాన్ని షెల్ఫ్‌లో పెట్టి మురిసిపోకుండా వారం రోజులు హింసించండి. మగ్గును రోజూ పీచుతో తోమాలి, బాటిల్‌ను తలకిందులుగా బ్యాగులో పెట్టి తిరగాలి, పెన్నును పిల్లలకివ్వాలి. దానికి తట్టుకుంటే మిగతావాటికి ఓకే చెప్పొచ్చు. ఈ వారమే తొందరలో అందరూ ఎగ్గొట్టేది.

మంచి ఉద్దేశంతోనే బెడిసికొట్టినవి

నా పెన్‌డ్రైవ్ కవర్ విప్పకపోవడానికి కారణం బద్ధకం ఒక్కటే కాదు. 2010లో ఆస్ట్రేలియాలో జరిగిన ఆస్‌సర్ట్ సమావేశంలో ఐబీఎమ్ పంచిన పెన్‌డ్రైవ్‌లలో వైరస్ ఉన్నట్టు తేలింది. వచ్చినవాళ్లంతా కంప్యూటర్ భద్రతా నిపుణులు. కంపెనీ అందరికీ క్షమాపణలు చెప్పి, వాటిని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో బయటి పెన్‌డ్రైవ్ పెట్టనే పెట్టనివ్వరు. అయినా కేటలాగుల్లో అది ఇంకా ఉంది.

అదే ఏడాది అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఒక కార్టూన్ సినిమా బొమ్మలున్న గాజు గ్లాసులను సుమారు 1 కోటి 20 లక్షలు వెనక్కి పిలిపించింది. బొమ్మల రంగులో క్యాడ్మియం అనే విషపు లోహం ఉంది. గ్లాసు మంచిదే, అచ్చేసిన సిరా మంచిది కాదు. నోటికి తగిలే వస్తువులు, పిల్లల చేతికి వెళ్లే వస్తువులు ఆర్డరిచ్చేటప్పుడు సిరాకు పరీక్ష పత్రం ఉందా అని అడగడం చాదస్తం కాదు. చెడితే జనం గుర్తుపెట్టుకునేది తయారుచేసిన ఫ్యాక్టరీని కాదు, గ్లాసు మీదున్న పేరును.

పవర్ బ్యాంకులు పంచేవాళ్లు రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, నాసిరకం లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుందంటే ఆ మంట మీ లోగో కిందనే లేస్తుంది. రెండు, విమానాల్లో వాటిని చెక్-ఇన్ సామాన్లలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. మామూలు పరిమితి 100 వాట్-అవర్లు (బ్యాటరీ పట్టుకునే శక్తికి కొలత). దూరం నుంచి వచ్చిన అతిథులకు సభ చివర్లో అందమైన పెట్టెలో పెట్టి ఇస్తే, ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు విప్పించి తీయించాల్సిన టెన్షన్ వాళ్లది.

ఇక పర్యావరణం పేరు చెప్పి అందరూ పంచే గుడ్డ సంచి. డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో వేయించిన లెక్కల్లో, పర్యావరణం మీద పడే అన్ని రకాల ప్రభావాలనూ చూస్తే మామూలు కాటన్ సంచిని సుమారు 7,100 సార్లు వాడితే గానీ షాపుల్లో ఇచ్చే మామూలు ప్లాస్టిక్ సంచితో సమానం కాదని వచ్చింది. ఒక్క వాతావరణ మార్పు ప్రభావాన్నే చూస్తే ఆ అంకె చాలా తగ్గుతుంది, దాని మీద వాదనలూ ఉన్నాయి. కానీ ఒక ఇంట్లో ఇప్పటికే తొమ్మిది గుడ్డ సంచులుంటే పదోది ఏ లెక్కలోనూ పర్యావరణానికి మేలు చేయదు. మంచి కుట్టు, భుజానికి సరిపడా పొడవున్న పట్టీ, లోపల ఒక జేబు, వీటికి కాస్త ఎక్కువ పెట్టి సగం మందికే ఇస్తే ఆ సంచి బజారుకెళ్తుంది. లేకపోతే మిగతా తొమ్మిదింటిని దాచుకునే సంచి అవుతుంది.

పెన్నుకు కూడా భయపడ్డారు

చిన్న గిఫ్టుకు అంత శక్తి ఉందా అని అనుమానముంటే మందుల కంపెనీల వైపు చూడండి. డాక్టర్లకు మందు పేరున్న పెన్నులు, మగ్గులు, ప్యాడ్లు ఇవ్వడం ఆపేస్తామని అమెరికాలోని మందుల కంపెనీల సంఘం తన నియమావళిలో రాసుకుని 2009 జనవరి నుంచి అమలుపెట్టింది. ఒక పెన్నుతో డాక్టర్ అమ్ముడుపోతాడని కాదు. ప్రిస్క్రిప్షన్ రాసే వేళ్ల మధ్య ఒక మందు పేరు రోజంతా ఉండటం మంచిది కాదని ఒప్పుకున్నట్టే. వస్తు ప్రచారం గురించి దీనికంటే గట్టి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి కానుకకూ లంచానికీ మధ్య గీత ఎక్కడుందో ముందే చూసుకోవాలి. చాలా కంపెనీలు తమ ఉద్యోగులు బయటివాళ్ల దగ్గర ఇంతకు మించి తీసుకోకూడదని పరిమితి పెట్టుకుంటాయి. ప్రభుత్వ ఉద్యోగులకైతే నియమాలు ఇంకా కఠినం. టెండర్ నడుస్తుండగా, బిల్లు పాస్ కావాల్సి ఉండగా పంపిన డైరీ కూడా వేరేలా కనబడుతుంది. పని అయిపోయాక, ఆఫీసు అడ్రసుకు, అందరూ చూసేలా పంపితే అవతలి మనిషికి ఇబ్బంది ఉండదు.

చేతికి ఎలా చేరుతుంది, చేరాక ఏమైంది

ఎగ్జిబిషన్ స్టాల్ ముందు ఒక గిన్నె, దాన్నిండా పెన్నులు. జనం అటు పక్క స్టాల్ వైపు చూస్తూనే ఇటు చెయ్యి పెట్టి రెండు తీసుకుని వెళ్లిపోతారు. సాయంత్రానికి గిన్నె ఖాళీ, "రెస్పాన్స్ అదిరిపోయింది" అని రిపోర్టు వెళ్తుంది. రీగన్ ప్రయోగంలో కోక్ పనిచేసింది ఎందుకంటే ఒక మనిషి దాన్ని ఇంకో మనిషికి చేతికిచ్చాడు. గిన్నెలో ఉన్నదానికి రుణపడేదెవరు? వస్తువును బల్ల కింద ఉంచండి. ఆగి రెండు మాటలు మాట్లాడిన మనిషికి, ఆ మాటల చివర, చేతికి అందించండి. సగం వస్తువులు మిగిలిపోతాయి, పర్లేదు.

ఫలితం కొలవడం ఈ రంగంలో అందరూ దాటవేసే పాఠం. కొంత నిజంగానే కష్టం. ఆరు నెలల తర్వాత ఫోన్ చేసిన మనిషి మ్యాగ్నెట్ చూసి చేశాడో, స్నేహితుడు చెప్తే చేశాడో అతనికే గుర్తుండదు. అయినా చేయగలిగినవి ఉన్నాయి. వస్తువు మీది క్యూఆర్ కోడ్‌కు ఇంకెక్కడా వాడని లింకు పెట్టొచ్చు. వేరే కూపన్ కోడ్ ఇవ్వొచ్చు. అన్నిటికంటే నమ్మదగ్గది పాత పద్ధతే: కస్టమర్ల జాబితాను చీటీలేసి రెండు చేయండి, ఒక సగానికి పంపండి, రెండో సగానికి పంపకండి. ఆరు నెలల తర్వాత ఎవరు ఎక్కువసార్లు మళ్లీ వచ్చారో చూడండి. తేడా ఏమీ లేకపోతే బాధగానే ఉంటుంది గానీ వచ్చే ఏడాది బడ్జెట్ మిగులుతుంది.

క్యూఆర్ కోడ్ పెట్టేవాళ్లు అది వెళ్లే అడ్రసు తమ సొంత డొమైన్‌లో ఉండేలా చూసుకోవాలి. ఎవరిదో ఉచిత సర్వీసులో చేయించిన కోడ్ ఏడాదికి చచ్చిపోతే, వస్తువు మాత్రం ఇంకో ఐదేళ్లు జనాన్ని ఖాళీ పేజీకి పంపుతూనే ఉంటుంది. పేపర్లో వేసిన ప్రకటన మర్నాటికి పాతబడుతుంది. వస్తువు మీద అచ్చేసింది అలా కాదు, మీరు షాపు మార్చినా, నంబరు మార్చినా అది పాత మాటే చెప్తుంటుంది.

ఆ స్కేలు ఇచ్చిన ప్రెస్ వాళ్లు రెండేళ్ల కిందట పెద్ద షాపులోకి మారారు. కొత్త బోర్డు మీద కొత్త నంబర్లు రెండున్నాయి. నేను అలవాటుగా పాత నంబరుకే ఫోన్ చేస్తే యజమానే ఎత్తాడు. ఈ నంబరు ఇంకా ఎందుకు ఉంచారని అడిగితే ఒకటే మాటన్నాడు: "స్కేళ్లు ఇంకా తిరుగుతున్నాయండీ."